రంగం చెక్క

మా తాత కొబ్బరికాయలు తెలుగులో లెక్కపెట్టేవాడు కాదు. ధాన్యమైతే అందరిలాగే కళ్ళంలో గొంతుక్కూచుని, కుంచం మీద అరచెయ్యి ఆడించి చదును చేసి, మొదటి కుంచానికి ఒకటి అనకుండా 'లాభం' అని, ఆ తర్వాత రెండూ మూడూ అంటూ రాగం తీసేవాడు. కొబ్బరికాయల దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోయేది. చెట్టెక్కినవాడు దించిన గెలలు విడగొట్టి, కాయల్ని ఇసకలో ఒక్కొక్కటే అవతలికి దొర్లిస్తూ, 'తిత్, నిత్, తోన్, లే, ఙా' అని, ఎవరైనా వింటే బాగోదన్నట్టు కిందిగొంతుతో అనుకుంటూ పోయేవాడు. పదికి 'తసే' అనేవాడు. 'తసే' అన్నప్పుడల్లా ఇసకలో ఒక పుల్ల గుచ్చడం నా పని. అది కొబ్బరికాయల భాష అని, కాయలకు తెలుగు రాదు కనక తాత వాటితో అలా మాట్లాడతాడని చాలా ఏళ్ళే అనుకున్నాను.

అది బర్మా భాష. తాత రంగంలో నేర్చుకున్నాడు. రంగం అంటే రంగూన్ అని ఎనిమిదో తరగతి భూగోళం పుస్తకంలో పటం చూసినప్పుడు గానీ నాకు తట్టలేదు. అప్పటిదాకా నాకది దీపస్తంభం అవతల, సముద్రం మలుపు తిరిగే చోట ఎక్కడో ఉండే ఊరు. కళింగపట్నానికి రెండు మైళ్ళ ఇవతల, వంశధార వెళ్ళి సముద్రంలో పడే దారి పక్కన అమ్మమ్మ వాళ్ళ ఊరు. వేసవి సెలవులకి వెళ్ళి వాకిట్లో నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే సరుగుడు తోట చివళ్ళ మీంచి దీపస్తంభం వెలుగు తోకలాగా ఊగిపోతూ కనిపించేది. ఎండుచేపల వాసన, తడిసిన పీచు వాసన, కుండలో పొద్దున్నే కాచి చల్లార్చిన చోడంబలి పులుపు వాసన, వీటన్నిటి మీదా అమ్మమ్మ చుట్ట పొగ. ఆవిడ ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేతులు రెండూ పనిలో ఉంచుకుని, పొగ ఎటు పోతోందో తెలీకుండా తాగేది. నిప్పు నాలిక్కి కాలదా అని అడిగితే, 'కాల్తే నీకేటి సెప్తానా' అనేది.

తాత మాటలు తక్కువ. బర్మా గురించి ఆయన చెప్పిందంతా కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు. అక్కడ మనవాళ్ళని కోరంగోళ్ళంటారని, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నించి మునుపెప్పుడో ఓడల్లో వెళ్ళిన వాళ్ళ మూలాన ఆ పేరు అందరికీ అంటుకుందని ఒకసారి చెప్పాడు. అక్కడి ఆడవాళ్ళు బుగ్గలకి తనఖా పెట్టుకుంటారని ఒకసారి చెప్పాడు. ఈ రెండో మాట నన్ను చాలా తికమక పెట్టింది. మా ఊళ్ళో తనఖా అంటే పొలం పెట్టేది. పక్కింటివాళ్ళ పల్లం తనఖాలో ఉందని, వాళ్ళు తలెత్తుకోలేకపోతున్నారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నేను విన్నాను. అలాంటిది బుగ్గలకి ఎలా పెట్టుకుంటారు, ఎవరు విడిపిస్తారు?

1965 ప్రాంతంలో అది చూశాను. అప్పట్లో బర్మాలో నే విన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసేసరికి, తరాలుగా అక్కడే ఉన్న మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి మద్రాసుకీ విశాఖపట్నానికీ వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వెలిసిందే. అందులో ఒక కుటుంబం తమ పాత చుట్టాల్ని వెతుక్కుంటూ మా పక్క ఊరికి వచ్చింది. తాత కబురు విని, ఉతికిన పంచె కట్టుకుని, నన్ను వెంటేసుకుని నడిచాడు. ఆ ఇంటి అరుగు మీద నడివయసు ఆవిడ కూచుని ఉంది. మనలాగే ఉంది, తెలుగే మాట్లాడుతోంది, కానీ బుగ్గల మీద రెండు లేతపసుపు గుండ్రాలు, గంధం ఆరినట్టు. తాత ఆవిడతో ఏదో అన్నాడు. ఆవిడ చటుక్కున లేచి నిలబడి అదే భాషలో గబగబా ఏదో చెప్పి, చెబుతూ చెబుతూ ఏడ్చింది. తాత తల ఆడిస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ తాత చేతిలో వేలెడు పొడుగు చెక్క ముక్క ఒకటి పెట్టింది. తనఖా చెక్క. సానరాయి మీద నీళ్ళేసి అరగదీస్తే పూత వస్తుందట. తాత ఇంటికొచ్చి దాన్ని అమ్మమ్మ ముందు పెట్టాడు. అమ్మమ్మ తీసి వాసన చూసి, 'ఇదేటి, కట్టిపేడా?' అంది. అని, తీసుకెళ్ళి పెట్టెలో పెట్టింది.

ఆ ఇంట్లో పెట్టె అంటే ఒకటే. రంగం పెట్టె. బర్మా టేకుది, మూలలకి ఇత్తడి రేకులు, మూత లోపల ఏ క్యాలెండరులోంచో కత్తిరించి అంటించిన బంగారు గోపురం బొమ్మ. అందులో ఎర్రటి లక్క పూసిన తమలపాకుల డబ్బా, నల్లని గీతలతో మనుషులూ ఏనుగులూ. ఒక పట్టు లుంగీ, మడతల దగ్గర చిరుగులు. పసుపు గుడ్డలో చుట్టి తాడు కట్టిన కాగితాల కట్ట. ఆ కట్ట మీద చెయ్యి వేస్తే మాత్రం అమ్మమ్మ ఊరుకునేది కాదు. 'ఒగ్గీ గుంటా, అయ్యి కాయితాలు. కాయితాలు తింటావేటి' అనేది.

ఇంకో చెక్క సంగతి చెప్పాలి. ఊరి దక్షిణాన, కాలవ దాటాక, తాతకి ఎనభై రెండు సెంట్ల పల్లం ఉండేది. గట్టు మీద ఏడు తాటిచెట్లు. వైశాఖంలో ముంజెలకి అక్కడికే పోయేవాళ్ళం. తాత కత్తితో కాయ తల చెక్కి ఇస్తే బొటనవేలు గుచ్చి పీల్చుకుని, నీళ్ళన్నీ గౌను మీద కార్చుకుని, జిగటగా తిరిగొచ్చేవాళ్ళం. దాన్ని ఊరంతా రంగం చెక్క అనేవారు. అప్పులో పోబోతున్న దాన్ని తాత రంగం డబ్బుతో నిలబెట్టాడని చెప్పుకునేవారు. మా మావయ్య అయితే పెళ్ళి సంబంధాల వాళ్ళకి కూడా ఆ కథ చెప్పేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసి, పక్కకి ఉమ్మి, 'ఊఁ... రంగం డబ్బే' అని లేచి దొడ్లోకి పోయేది. అది గర్వం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ 'ఊఁ'ని ఎన్నిసార్లు గుర్తుతెచ్చుకున్నానో. దానిలో ఎంత సాగదీత ఉంది, చివర్లో గొంతు పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది ఎవరూ రాసిపెట్టలేదు కదా.

తాత 1971లో పోయాడు. అమ్మమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు ఉంది. మూడేళ్ళ కిందట మావయ్య కొడుకు పాత ఇల్లు పడగొట్టిస్తూ ఫోన్ చేశాడు. పెట్టెకి అడుగున చెదలు పట్టాయి, కాగితాలేవో ఉన్నాయి, నువ్వు చదువుకున్నదానివి కదా, కావాలంటే వచ్చి తీసుకో అన్నాడు. వెళ్ళాను. పసుపు గుడ్డ తెల్లబడిపోయింది. తాడు ముడి విప్పుతుంటే పొడి అయిపోయింది.

పట్టుమని పది కాగితాలు లేవు. పై పొరలో శిస్తు రసీదులు. ఎక్కువ భాగం జమీందారు ఠాణా ఇచ్చినవి, కొన్ని సర్కారువి. రెండు ప్రామిసరీ నోట్లు. ఒక తనఖా దస్తావేజు. ఒక కవరు, లోపల సగం తిన్న ఉత్తరం. ఇవి కాక, ఈ మూడేళ్ళలో నేను ఆఫీసులు తిరిగి సంపాదించిన నకళ్ళు మరో నాలుగు. ఒక మనిషి అరవై డెబ్భై ఏళ్ళు బతికితే మిగిలింది ఒక చేతి సంచిలో పట్టింది.

కాగితం అబద్ధం చెప్పదంటారు. 1929 దస్తావేజులో తాత వయసు 'సుమారు 25 సం.'. 1944 నోటులో 'సుమారు 35'. పదిహేనేళ్ళలో ఆయనకి పదేళ్ళే గడిచాయి. ఊరు చూడబోతే, ఉన్నచోటి నించి జానెడు జరక్కుండానే మూడు జిల్లాలు తిరిగింది. 1929లో గంజాం జిల్లా. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అటు పోయినప్పుడు మన తాలూకాలు విశాఖపట్నం జిల్లాకి వచ్చాయి. 1950 ఆగస్టు నించి శ్రీకాకుళం జిల్లా. ఇది తెలియక మొదటి ఆర్నెల్లూ నేను విశాఖపట్నం పేరున వెతుక్కుంటూ కూచున్నాను. మీలో ఎవరైనా ఆ వైపు వాళ్ళుంటే, 1936కి ముందు సంగతులకి గంజాం అని అడగండి.

నేను మొదట వెతికింది ఓడ కోసం. ఆ రోజుల్లో తీరం పొడుగునా గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, ఇన్ని రేవుల్లోనూ రంగం స్టీమర్లు ఆగేవి. ఆగేవంటే ఒడ్డుకొచ్చేవి కావు. లోతులో లంగరు వేసుకుంటే మనుషుల్ని పడవల మీద అలలు దాటించి చేర్చేవారు. ఎక్కినవాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట రాసి ఉంటారు కదా అనుకున్నాను. ఎందుకంటే దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళినవాళ్ళవి ఉన్నాయి. 1860 నవంబరులో మద్రాసు నించి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ మొదలుకుని, చెరకు తోటలకి ఒప్పందం మీద పోయిన ప్రతి మనిషికీ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీది మచ్చతో సహా రాసిన పట్టీలున్నాయి. వాళ్ళ మునిమనవలు ఆ కాగితం పట్టుకుని మన పల్లెలకి వచ్చి పొలిమేరలో నిలబడి ఏడుస్తున్నారు. మా తాతకి అలాంటి కాగితం లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక భాగమే. మనం హైదరాబాదు బస్సెక్కినట్టు ఆయన రంగం ఓడెక్కాడు. మేస్త్రీ అడ్వాన్సిచ్చాడు, డెక్కు మీద చోటిచ్చారు, అంతే. కట్టుబానిసలా పోయినవాడి పుట్టుమచ్చ దొరలకి కావలసొచ్చింది, తనంతట పోయినవాడి పేరు కూడా ఎవరికీ అక్కర్లేకపోయింది.

కాబట్టి రంగూన్‌లో తాత గురించి నాకు తెలిసిందల్లా ఆయన ఒంటి మీద ఉన్నదే. ఎడమ ముంజేతి మీద, మోచేతికి నాలుగు వేళ్ళ కింద, జెర్రిలాంటి మచ్చ. చేపముల్లు గీరిందనేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు దించే కంట్రాక్టర్లు వాళ్ళ చోట బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. రాజీ కుదిరి తెలుగువాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చిన పొద్దున, పని పోయిన వాళ్ళకీ వీళ్ళకీ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. తాత ఓడెక్కింది 1929లో, దిగింది ఆ రేవులోనే. 'ఆ యేడు మూన్నెల్లు కబురు లేదే. నాను పసుపు తుడుసుకోవాలో ఒద్దో తెలక సచ్చిపోనాను' అని అమ్మమ్మ ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. ఇంత పెద్ద చేపముల్లు ఉంటుందా అని నేనెప్పుడూ అడగలేదు.

తనఖా దస్తావేజు సంగతి. అయిదో జార్జి తల ఉన్న స్టాంపు కాగితం, సిరా గోధుమరంగుకి తిరిగింది, మడత పడ్డ చోట అక్షరాలు రాలిపోయాయి. తన తండ్రి చేసిన పాత అప్పు తీర్చడానికీ, రంగూన్ ప్రయాణానికీ కలిపి నూట ఇరవై రూపాయలకి ఎనభై రెండు సెంట్లు స్వాధీన తనఖా పెడుతున్నట్టు రాశారు. హద్దుల్లో తాటిచెట్లున్నాయి. అప్పటికి అవి నాలుగే. కింద తాత సంతకం, ఆయనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాట, ప్రతి అక్షరం మీదా రెండుసార్లు కలం పోనిచ్చి.

ఉత్తరంలో తారీఖు ఉన్న భాగం చెదలు తినేశాయి. కానీ కవరు మీద తపాలా బిళ్ళ ఉంది. మన ఇండియా బిళ్ళే, రాజు తలే, దాని మీద బర్మా అని అడ్డంగా నల్ల సిరాతో అచ్చుగుద్దారు. బర్మాని ఇండియా నించి విడదీసింది 1937 ఏప్రిల్ 1న. కొత్త బిళ్ళలు తయారయ్యేదాకా పాతవాటి మీదే అలా ముద్ర కొట్టి అమ్మారు. అంటే ఉత్తరం ఆ తర్వాతది. తాత మధ్యలో 1936లో ఒకసారి ఊరికొచ్చి, ఆ టేకు పెట్టె తెచ్చి, కొన్నాళ్ళుండి మళ్ళీ వెళ్ళాడని ఇంట్లో అనుకునేవారు. అదీ సరిపోతోంది.

రాత తాతది కాదు. ఎవరో మంచి దస్తూరీ ఉన్నవాడి చేత రాయించాడు. ఇక్కడ నేను క్షేమం, మీ అందరి క్షేమం తెలియజేయవలెను అని మొదలై, తెల్లావు ఈనిందా, ఈ యేడు చింతపండు ఏ ధర పలికింది, పెద్దాడు బడికి పోతున్నాడా అని అడిగి, తర్వాత పెద్ద బెజ్జం, బెజ్జం కిందన ఒక్క పంక్తి. 'నీ చెక్క మాట నేను మరవలేదు. వచ్చేటప్పుడు తప్పక'. ఆపైన మళ్ళీ బెజ్జం.

చదివి నవ్వుకున్నాను. బర్మా ఆడవాళ్ళ బుగ్గల పూత సంగతి విని అమ్మమ్మ ఒక తనఖా చెక్క తెమ్మని అడిగిందనుకున్నాను. కట్టిపేడు అని తీసిపారేసిన మనిషి లోపల్లోపల దాని కోసం ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిందన్నమాట అనుకుని, ఆ వేలెడు చెక్కని సానరాయి మీద అరగదీశాను కూడా. ఇంకా వాసన ఉంది. ఈ కథ మా అమ్మాయికీ, చెల్లెలికీ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏడాది పాటు చెప్పుకు తిరిగాను.

తప్పు. ఆ దస్తావేజుని నకలు తీయించబోతుంటే జిరాక్సు షాపు కుర్రాడు, వెనకవైపు కూడా తియ్యాలా అమ్మా అన్నాడు. వెనకవైపు ఏమీ లేదన్నాను. ఉందండి అన్నాడు. ఉంది. అడుగున, మూలకి, వేరే చేత్తో రాసిన మూడు పంక్తులు. తే 17-5-1934ది సదరు తనఖా సొమ్ము అసలు ఫాయిదాలతో సహా వీరి భార్య చేతి మీదుగా పూర్తిగా ముట్టినది, చెల్లు. కింద అప్పిచ్చినవాడి సంతకం.

1934లో తాత ఊళ్ళో లేడు. మనియార్డరు పంపి ఉంటాడు, అంతే కదా అనుకోవచ్చు. అనుకున్నాను కూడా. కానీ 'నీ చెక్క' అన్న మాట అక్కడ గుచ్చుకుంది. తనది తనకి మన చెక్క అవుతుంది గానీ నీ చెక్క ఎలా అవుతుంది?

రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటర్లో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, 1983 నించే వస్తుంది. అంతకు ముందువాటికి పుస్తకాలే. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో దానిలో ఆస్తులు. అమ్మమ్మ పేరున వెతకమన్నాను. ఏ పేరు అన్నారు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి చిన్నమ్మి అనేవారు, ఊళ్ళో రంగపాయన పెళ్ళాం అనేవారు. ఆ రెండూ పేర్లు కావు. అమ్మని అడుగుదామంటే అమ్మ లేదు. 1951-52లో మొదటి ఎన్నికలప్పుడు ఫలానా వాడి భార్య, ఫలానా వాడి కూతురు అనడం తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఓటర్ల జాబితాలో లేకుండా పోయారట. అది చదివినప్పుడు ఉత్తరాది సంగతిలే అనుకున్నాను. డెబ్భై ఏళ్ళ తర్వాత, డబల్ ఎమ్మే చదివి, పేరు తెలియని అమ్మమ్మ కోసం కౌంటరు ముందు నిలబడ్డాను.

పేరు లేకపోతే ఆస్తి ఇండెక్సు. మా ఊరి కింద 1934 అంతా చూస్తే ఏమీ లేదు. బయట చెట్టు కింద కూచున్న ముసలి దస్తావేజు లేఖరి, నా చేతిలో కాగితాలు తిరగేసి, 'ఆడకూతురు ఆస్తి అయితే అత్తోరి ఊరి కింద ఎందుకుంటాది తల్లీ, కన్నోరి ఊరి కింద చూపించమను' అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన అక్కడే ఉన్నాడట. అమ్మమ్మ పుట్టింటి ఊరి పేరు చెప్పాను. పది నిమిషాల్లో దొరికింది.

తే 14-5-1934ది క్రయ దస్తావేజు. చెల్లుకి మూడు రోజుల ముందు. నా తండ్రిగారు నా వివాహ కాలమందు పసుపు కుంకుమల నిమిత్తం నాకు ఇచ్చి నా స్వాధీనానుభవములో ఉన్న అరవై సెంట్ల మెట్టు భూమిని, నా భర్త రంగూన్ పట్టణమందు కూలి నిమిత్తం ఉన్నందున, కుటుంబ అవసరముల కొరకు నూట ముప్ఫై అయిదు రూపాయలకు మీకు విక్రయించినాను. నిధి నిక్షేప జల పాషాణాలు అన్నీ, అష్టభోగాలూ, పుత్ర పౌత్ర పారంపర్యంగా అనుభవించండి అని, అందరూ రాసుకునే ఆ పెద్ద పెద్ద మాటలన్నీ రాశారు. ఆఫీసులో ఉండేది నకలు కాబట్టి వేలిముద్ర ఉండదు. ముద్ర ఉండాల్సిన చోట గుమస్తా 'నిశాని' అని రాసి ఊరుకున్నాడు. దాని పక్కన అమ్మమ్మ పేరు. అప్పుడు చదివాను మొదటిసారి. బాగుంది. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ పెట్టుకోని పేరు.

తన చెక్క అమ్మి ఆయన చెక్క విడిపించింది. దాన్నే ఊరంతా రంగం చెక్క అంది.

తాత ఉత్తరంలోని ఆ మాట నిలబెట్టుకోవడానికి రంగంలో ఎంత కూడబెట్టాడో తెలీదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, రేవులో కూలీలు ఎక్కడివాళ్ళక్కడ పడిపోయారు. ఓడలు దొరలకే చాలలేదు. మనవాళ్ళు ప్రోం దాకా పోయి, అక్కణ్ణించి తౌంగుప్ కనమ దాటి, అక్యాబు తీరం పట్టుకుని, చిట్టగాంగు చేరారు. ఇంకొందరు ఉత్తరంగా చింద్విన్ దాటి మణిపురం కొండల్లోంచి వచ్చారు. మొత్తం నాలుగైదు లక్షల మంది కాందిశీకులు. కలరాకీ మలేరియాకీ ఆకలికీ తోవలో పోయినవాళ్ళు పదివేలల్లో. ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం వాళ్ళు పాత ఫైళ్ళు 'అభిలేఖ్ పటల్' అని కంప్యూటర్లో పెట్టారు, రాత్రిళ్ళు కూచుని వెతుకుతాను. నాకు కనబడ్డవాటిల్లో అంకెలున్నాయి, మందుల లెక్కలున్నాయి, బియ్యం బస్తాల లెక్కలున్నాయి.

తాత 1942లో ముంజెల కాలంలో ఇల్లు చేరాడు. ఆ ఏప్రిల్ 6నే విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. పట్నం వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకి వచ్చి పడుతున్నారు. ఆ గుంపుల్లో ఇంకో మనిషి నడిచొస్తే ఎవరూ తలెత్తి చూడలేదట. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి రెండు రోజులు నడిచాడు. గడపలో నిలబడితే అమ్మమ్మ బిచ్చగాడనుకుని అంబలి తెచ్చి, పోయించుకోడానికి గిన్నె పట్టమంది. ఆయన ఒక సొట్టలు పడ్డ సత్తు గ్లాసు ముందుకి చాపాడు. రంగం నించి తెచ్చింది అదొక్కటే. నా చిన్నప్పుడు ఆ గ్లాసు కుండ పక్కన ప్రత్యేకంగా ఉండేది, దాంట్లో మమ్మల్ని నీళ్ళు తాగనిచ్చేవారు కాదు.

పుట్టింటి అరవై సెంట్లు తిరిగి కొన్న కాగితం కోసం 1942 నించి 1971 దాకా వెతికించాను. లేదు. కొనలేదు.

ఇంకొకటి దొరికింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాక, సెటిల్‌మెంటు వాళ్ళు ఊరూరా వచ్చి కొలిచి, ఎవరి భూమికి వాళ్ళ పేరున రైత్వారీ పట్టాలు రాశారు. ఆ లెక్కల పుస్తకాన్ని ఎస్ఎఫ్ఏ అంటారు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. జమీందారీ ఊళ్ళలో ఈనాటికీ భూమి తగాదా వస్తే ముందు తెరిచేది అదే. తహశీల్దారు ఆఫీసులో నకలు తీయించుకున్నాను. తాతకున్న మిగతా రెండు ముక్కలూ తాత పేరునే ఉన్నాయి. ఎనభై రెండు సెంట్ల పల్లానికి ఎదురుగా మాత్రం, దస్తావేజులో నేను చదివిన ఆ పేరు. భర్త ఫలానా. కొలిచిన రోజు కరణం అడిగి ఉంటాడు, ఎవరి పేరున రాయమంటావని. తాతకి ఆవిడ పేరు పలకాల్సొచ్చి ఉంటుంది, పదిమందిలో, గట్టు మీద నిలబడి.

మావయ్య 1988లో దాన్ని అమ్మినప్పుడు పట్టా ఎవరి పేరునుందో చూసే ఉంటాడు. మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడక్కడ రొయ్యల చెరువు. తాటిచెట్లలో రెండున్నాయి.

మునసబు రిజిస్టరులో తాత చావు కూడా చూశాను. కారణం గడిలో 'జ్వరము' అని ఉంది. ఆ పేజీలో తొమ్మిది మంది పోతే ఏడుగురికి జ్వరమే. తాతకి జ్వరం లేదు. అరుగు మీద పీచు తాడు పేనుతూ పేనుతూ ఆగిపోయాడు. తాడు కొస కాలివేళ్ళ మధ్యనే ఉంది.

మీ ఇంట్లో అలాంటి పెట్టె ఏదైనా ఉంటే చెదలు చూడకముందే మీరు చూడండి. ఎండలో కాకుండా నీడపట్టున, పొడిగుడ్డ మీద ఆరబెట్టండి. మడతలు విప్పేటప్పుడు తొందరపడకండి, వెనకవైపు తిప్పి చదవండి. లామినేషన్ మాత్రం చేయించకండి.